నా ముఖం మీద నేనే పడుకున్న రోజు

నిన్న పొద్దున వర్తూరు దగ్గర రోడ్డు పక్కన, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాతో, నా ఫొటో మీద నేనే వెల్లకిలా పడుకున్నాను. నవ్వకండి. అంటే, ఇప్పుడే నవ్వకండి. టీ తాగుతూ వినండి, చివర్లో అందరం కలిసే నవ్వుదాం.

మా గౌరి సంగతి తెలుసు కదా? తెలియకపోతే చెప్తాను, తెలిసినా చెప్తాను. గౌరి అంటే నా లారీ. ఇరవై రెండేళ్లది. మా కాడుగోడిలో కొత్త లారీలన్నీ చిన్న లైటు వెలిగితే చాలు, కంప్యూటర్ పెట్టి చూపించుకోవడానికి సర్వీస్ సెంటర్‌కి పరిగెడతాయి. నా గౌరికి నేనే డాక్టర్ని! క్లచ్ ప్లేటు, బ్రేక్ లైనింగు, స్ప్రింగ్ పట్టీలు, అన్నీ ఈ చేత్తోనే మార్చాను. సౌండ్ వింటే చాలు, నొప్పి ఎక్కడో చెప్పేస్తాను. ఇన్నేళ్లలో దారిలో ఒక్కసారి కూడా ఆగలేదు. గొప్పలు కాదు, నిజం.

ఆనేకల్‌లో చంద్రప్ప గారని ఒక పెద్దాయన ఉన్నాడు. గ్రానైట్ యార్డు ఆయనది. ఏడాది పొడుగునా లోడ్లు ఉన్నాయి, కానీ పాత బండ్లంటే ఆయనకు పడదు.

"పాత లారీ అంటే నాకు భయమప్పా. నడిదారిలో నిలిచిపోతాది. ఎల్లుండి పొద్దున పదకొండు లోపల ఖాళీ బండితో ఈడికి రా, చూస్తా" అన్నాడు.

ఈ పని రాకపోతే గౌరిని గుజిరీకి ఇచ్చేయాలని, అంటే పాత ఇనుము కింద ముక్కలు చేయించాలని, ఇంట్లో తీర్మానం అయిపోయింది.

అందుకే దర్జాగా పోవాలనుకున్నాను. ఫ్లెక్స్ కొట్టించాను. బండి ముందు ఇనుప జాలీ మొత్తం నిండేంత పెద్దది! మధ్యలో మీసం దువ్వుతూ, నవ్వుతూ నేను. కింద తెలుగులో, కన్నడలో: 'ఇరవై రెండేళ్లు. దారిలో ఒక్కసారి కూడా ఆగలేదు.'

ఫ్లెక్స్ షాపతను అడిగాడు కూడా. "అన్నా, గాలి పోయేదానికి నాలుగు బొక్కలు పెట్టేదా?"

"యాడ పెడతావు?"

"ఈ మధ్యలో."

మధ్యలో ఉన్నది నా ముఖం! "ముఖానికి బొక్కలు పెట్టించుకొని ఎవరన్నా పోతారా అప్పా? ఏం వద్దు, చాల్లే" అన్నాను.

తోడుగా మా ఆవిడ రత్నమ్మ వచ్చింది. తోడు అని ఆమె అంటుంది, కాపలా అని నేను అంటాను. వర్తూరు ట్రాఫిక్‌లో నత్తనడకన పోతున్నాం. టెంపరేచర్ ముల్లు మెల్లగా లేచి ఎరుపులోకి పోయింది. ముందు నుంచి బుస్సుమని ఆవిరి!

పక్కకు ఆపగానే రత్నమ్మ దిగి చూసి కేక పెట్టింది. "ఏమయ్యో, నీ నెత్తిలోనుంచి పొగ వస్తా ఉండాది!"

నిజమే, ఫొటోలో సరిగ్గా నా తల వెనక నుంచి. బైకు మీద పోతున్న ఇద్దరు ఆగి ఫ్లెక్స్ చదివారు, ఆవిరి చూశారు, ఫోన్‌లో ఫొటో తీసుకుని పోయారు.

నేను కంగారు పడతానా? అనుభవం! వేడి మీద రేడియేటర్ మూత తీయలేదు. చల్లారనిచ్చి, తడి గోనెసంచి వేసి తిప్పాను, నీళ్లు పోశాను. ఫ్యాన్ బెల్టు నొక్కి చూశాను, బిగుతుగానే ఉంది. అయితే కింది హోస్ పైపు క్లిప్పు లూజై ఉండాలి. కిందకి దూరబోతుంటే రత్నమ్మ చొక్కా పట్టుకుని లాగింది.

"గ్రీజు పూసుకొని ఆయన ముందర నిలబడతావా? ఏమన్నా పరుచుకో!"

గోనెసంచి తడిసి ఉంది. ఇంకేముంది? ఫ్లెక్సే. విప్పి పరిచి, దాని మీద పడుకుని, క్లిప్పు అర చుట్టు బిగించాను. టైమ్ లేదు, ఫ్లెక్స్ చుట్టి క్యాబిన్‌లో పడేసి బండి తీశాను.

అద్భుతం! సర్జాపుర దాటాం, అత్తిబెలె దాటాం, ముల్లు మధ్యలోనుంచి కదిలితే ఒట్టు.

"చూసినావా? అర చుట్టు! వేరేవాళ్లయితే ఇంజిన్ మొత్తం దించేసి ఉందురు" అని దారంతా పాఠం చెప్పాను. రత్నమ్మ చెనిక్కాయలు నములుతూ కూర్చుంది.

ఆనేకల్ ఇంకా నాలుగు కిలోమీటర్లు ఉందనగా ఆపి, ఫ్లెక్స్ మళ్లీ కట్టాను. అది లేకుండా ఎట్లా పోతాం? కాసేపటికే ముల్లు మళ్లీ లేచింది. "మీటర్ చెడిపోయింటాది" అన్నాను. యార్డు గేటు దగ్గరికి వచ్చేసరికి మీటర్ చెడిపోలేదని ఊరందరికీ తెలిసింది. బుస్సు!

చంద్రప్ప గారు గేటులోనే ఉన్నాడు. ఆవిరిలోంచి ఒక్కొక్క మాటే చదివాడు. "ఇరవై రెండేళ్లు… దారిలో… ఒక్కసారి కూడా…" గౌరి పని అయిపోయిందనుకున్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి, మీ దగ్గర దాపరికం ఎందుకు! హోసు అన్నాను, క్లిప్పు అన్నాను, మీటర్ అన్నాను, ఏదేదో అన్నాను.

అప్పుడు రత్నమ్మ నోరు తెరిచింది. "అన్నా, నాకు లారీ గురించి ఏమీ తెలీదు. ఫ్లెక్స్ కట్టినప్పుడు ఉడికింది. విప్పినాక గమ్మున ఉండింది. మళ్లా కట్టినాడు, మళ్లా ఉడికింది. అంతే నేను చూసింది."

నేను ఫ్లెక్స్ వైపు చూశాను. దాని వెనకే జాలీ, జాలీ వెనకే రేడియేటర్. గాలి తగలాల్సిన చోట అడ్డంగా, మీసం దువ్వుతూ నేను!

చంద్రప్ప గారు భుజం మీది టవల్ జారిపోయేదాకా నవ్వాడు. బండి చల్లారాక తనే ఫ్లెక్స్ తాళ్లు విప్పి, తనే ఎక్కి, యార్డు చుట్టూ నాలుగు రౌండ్లు కొట్టాడు. ముల్లు కదల్లేదు. దిగి బానెట్ మీద తట్టాడు.

"ముక్కూ నోరూ మూసినా ఇంత దూరం వచ్చిందంటే బండి గట్టిదే మునిరాజా. దీనికి ఏ రిపేరీ లేదు, ఉండేదంతా నీకే. సోమవారం నుంచి రా. ఆ ముఖం మాత్రం తేవద్దు."

విన్నారా? బండి గట్టిది! అన్నది ఎవరు? పాత బండ్లంటే పడని చంద్రప్ప గారు. ఛాతీ ఎంత పొంగిందో, ఆ తెల్ల చొక్కా గుండీలు ఎలా ఆగాయో నాకే తెలియదు.

ఫ్లెక్స్ ఇప్పుడు మా షెడ్డులో ఉంది. మంచి మందం కదా, ఏ బండి కింద దూరాలన్నా అందరూ దాన్నే పరుచుకుంటున్నారు. పొద్దున ఎవరో నా మీసం మీద ఇంజిన్ ఆయిల్ కూడా ఒలకబోశారు. పోనీలే అని నేనే తుడిచి పెట్టాను. ఎంతైనా, ఇరవై రెండేళ్లలో గౌరిని దారిలో ఆపగలిగిన మొనగాడు ఒక్కడే, ఆ ఫ్లెక్స్ మీద నవ్వుతున్నవాడు!