నడుం బెల్టులతోని పోయిన నవల

నిన్న నేను చేసిన ఘనకార్యం వింటే నవ్వుతరు. నవ్వుండ్రి, గానీ ముందుగాల చప్పట్లు కొట్టాలె!

నాకు ఎనిమిదేండ్ల సంది నడుం నొప్పి. అది ఇగ పోదని డాక్టర్లు, నేను అందరం ఒప్పుకున్నం. ఈ ఎనిమిదేండ్లల్ల ఎవరేం చెప్తే అది కొన్న. నడుం బెల్టులు నాలుగు, మెడ పట్టీ, కరెంటు మసాజర్, ముళ్లముళ్ల చెప్పులు. మెట్టుగూడల మా ఫ్లాట్ల మంచం కింద అంతా అవే! నిన్న పొద్దుగాల డిసైడ్ అయిన. ఇయ్యాల ఇవన్నీ అవుతల పడాలె.

"నీతోని కాదు, ఆదివారం నేను తీస్త" అన్నడు మా ఆయన, షాపుకు పోవుకుంట. గంతే! రోషమొచ్చింది.

నా రూల్ ఒకటే. పదిహేను నిమిషాలు పని, పదిహేను నిమిషాలు పండుడు. ఫోన్ల అలారం. పండుకున్నప్పుడు చేతుల మా అక్క ఇచ్చిన నవల. కాకతీయుల కాలం కథ. ఏం కథ అనుకున్నరు! ఒక వేగులపిల్ల ఓరుగల్లు కోట కింద సొరంగంల ఉంటది. వెనక దివిటీలు పట్టుకొని శత్రువులు. ముందట దారి మూసుకపోయింది... టింగ్ టింగ్! అలారం. పేజీ మడిచి, పుస్తకం చేతికందిన కాడ పెట్టి లేసిన.

మధ్యాహ్నం కల్లా అన్నీ ఒక అట్టపెట్టెల పడ్డయి, మంచం కింద ఖాళీ! చీపురు గోడ దాంక పోయింది. లంచ్‌కు వచ్చిన మా ఆయన చూసి నోరు తెరిచిండు. అట్టపెట్టెను సెల్లార్ల పెట్టి, "కావాల్సినోళ్లు తీస్కోండ్రి" అని చీటీ అంటించి మల్ల షాపుకు పోయిండు.

నేను దర్జాగ చాయ్ తాగి, పండుకొని, చెయ్యి చాపిన. నవల లేదు!

దిండు కింద లేదు. ఫ్రిజ్ మీద లేదు. అప్పుడు యాదికొచ్చింది. చేతికందిన కాడ అంటే... అట్టపెట్టె!

సెల్లార్లకు ఉరికిన. ఉరికిన అంటే, నా స్పీడ్ల. పెట్టె ఖాళీ! వాచ్‌మన్ భార్య యాదమ్మ కాళ్లకు నా ముళ్ల చెప్పులు.

"నేను గివే తీస్కున్నక్కా. మిగిలినయన్ని నాలుగో అంతస్తు సారు పట్టుకపోయిండు."

లిఫ్ట్ నొక్కిన. రాదు. పైన ఎవరో తలుపు సరిగ్గ ఎయ్యలే. ఇంక ఇరవై పేజీలున్నయి. ఆ పిల్ల సొరంగంల, నేను సెల్లార్ల! పట్టుబట్టి మెట్లెక్కుడు షురూ చేసిన. రెండో అంతస్తుల గోడకు ఆనిన. మూడో అంతస్తుల "అమ్మా" అన్న. నాలుగో అంతస్తుల బెల్ కొట్టిన!

తలుపు తీసిన సారు రిటైర్డ్ లెక్చరర్, భీమవరం మనిషి. లుంగీ మీద నా బెల్టు, మెడకు నా పట్టీ, చేతుల మా అక్క నవల!

"సార్, ఆ పుస్తకం పొరపాటున వచ్చింది."

"అయ్యో, అలాగాండీ! మీరు గుర్తు పెట్టిన చోటే తెరిచానండీ. ఆ అమ్మాయి సొరంగంలో ఇరుక్కుపోయింది. ఎలా వదిలేస్తామండీ? ఓ ఇరవై పేజీలు ఆగండి."

"నాకు సుత గా ఇరవై పేజీలే సార్!"

"అయితే పైకి చదువుతాను, కూర్చోండి."

కూర్చునుడా! మెట్లెక్కిన నడుము కూర్చోనిస్తదా? "జెర ఏమనుకోకుండ్రి" అని హాల్ల నేల మీదనే వెల్లకిల పండుకున్న. సారు నాటకం ఆడినట్టే చదువుతున్నడు. "కదిలావో, ప్రాణం తీస్తాను!" అని శత్రువు డైలాగ్ గట్టిగ అరిచిండు. సరిగ్గ అప్పుడే ఆయన భార్య కూరగాయలు తీసుకొని లోపలికొచ్చింది. నేల మీద నేను, పక్కన నిలబడి అరుస్తున్న ఆయన!

"ఏవండీ! ఏం చేశారండీ ఆవిణ్ణి!"

సంచి జారింది, టమాటలు నా దాంక దొర్లినయి.

సంగతి చెప్పినంక ఆమె సుత కూసుండి విన్నది. ఆ పిల్ల కోట బయటవడంగనే ముగ్గురం ఊపిరి పీల్చుకున్నం.

ఇంటికొచ్చినంక నడుము మండుతున్నది. అయినా ఎంత గర్వమో! కనబడ్డోళ్లకల్లా చెప్పిన. సాయంత్రం మా ఫిజియోథెరపీ మేడంకు సుత ఫోన్ చేసిన.

"మేడం, నాలుగంతస్తులు! ఒక్కదాన్నే, ఎవరి చెయ్యి పట్టుకోలే!"

"సూపర్ అమ్మా!" అన్నది. "మరి మా క్లినిక్ ఫస్ట్ ఫ్లోరే కదా? మెట్లెక్కలేనని మూడు నెలల నుంచి రావట్లేదు మీరు. రేపు పదింటికి వచ్చేయండి."

ఇయ్యాల పొద్దుగాల పోయొచ్చిన. ఏం చేస్త? నొప్పి నన్ను పట్టియ్యలే, నా నోరే పట్టిచ్చింది!