చివరి రెండు మాటలు

నాలుగేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. అబద్ధం అంటున్నాను గానీ, దాన్ని నేను నోటితో చెప్పలేదు. చెప్పి ఉంటే ఎక్కడో ఒకచోట పట్టుబడేదాన్నేమో. ఒక మనిషి అన్న మాటని ఆయనకే తిరిగి అన్నాను. తర్వాత ఊరుకున్నాను. అంతే. ఆ ఊరుకోవడంతో, ఏళ్ల తరబడి ఒకే చోట కూర్చుని అన్నం తిన్న ఇద్దరు విడిపోయారు.

మీరెవరో నాకు తెలీదు. తెలీకపోవడమే నయం. పాప నిద్రపోయింది. మా ఆయన పక్క గదిలో ఉన్నారు. ఈ నోటుబుక్కు తెరిచినా ఆయన చదవలేరు. ఇక్కడే బిలాస్‌పూర్‌లో పుట్టి హిందీ బళ్లో చదివిన మనిషి, తెలుగు మాట్లాడతారు గానీ అక్షరాలు కూడబలుక్కోవాలి. నేను వైజాగ్‌లో మేనత్త దగ్గర ఉండి చదువుకున్నాను కాబట్టి నాకు రాయడం వచ్చు. తెలుగులో రాయడానికి అదొక కారణం. ఒప్పుకుంటూ కూడా దాక్కుంటున్నానన్నమాట. ఇంకో కారణం ఉంది. దాని దగ్గరికి వెళ్లడానికి ఇంకా ధైర్యం చాలడం లేదు.

ఇన్నాళ్లు లేనిది ఇప్పుడే ఎందుకు? పాప వల్ల. దానికి ఏడాదిన్నర. ఈమధ్య ఎవరేమన్నా చివరి ముక్క పట్టుకుని తిరిగి అంటోంది. "పాలు తాగుతావా" అంటే "తాగుతావా" అంటుంది. ఇంట్లో అందరూ నవ్వుతారు. నేను మాత్రం లేచి వంటింట్లోకి వెళ్లిపోతాను.

నేను పనిచేసేది కాలిపోయిన కరెంటు మోటార్లు బాగుచేసే వర్క్‌షాపు. ప్రైవేటుది. తీగ కొత్తగా చుట్టి, బేరింగులు మార్చి, పరీక్షించి పంపుతాం. పరీక్ష కాగితం మీద సంతకం నాది. పరీక్ష బల్ల మాత్రం అప్పన్న మావయ్యది. మావయ్య అంటే చుట్టం కాదు. వాళ్ల నాన్న, మా తాత రైల్వేలో ఒకే షెడ్డులో డ్యూటీ చేశారు, పక్కపక్క క్వార్టర్లలో ఉన్నారు. అలా వచ్చిన వరస. మోటారు తిరుగుతూ ఉంటే పొడుగాటి స్క్రూడ్రైవరు మొన బేరింగు మీద ఆనించి, పిడి చెవికి ఆనించి, కళ్లు మూసుకుని వినేవాడు. "మీ మీటరుకేటి తెలుస్తాదమ్మా, ఇంజినీరమ్మా? నా సెవినడుగు" అని నన్ను ఏడిపించేవాడు. నిజమే. మీటరు సరేనన్న మోటారుని ఆయన వద్దన్నాడంటే, విప్పి చూస్తే లోపల గాటు ఉండేది.

వైండింగు చేసే మన్హరణ్ భయ్యా బెల్తరా అనే పల్లె నుంచి మోటారు సైకిల్ మీద వచ్చేవాడు. మధ్యాహ్నం వాళ్లిద్దరూ ఒకటే న్యూస్ పేపరు పరుచుకుని తినేవాళ్లు. మావయ్యది ఆవకాయ, మన్హరణ్‌ది ఇంట్లో నూరిన టమాటా చట్నీ. రెండుసార్లు పిలిచినా మావయ్య పలక్కపోతే మన్హరణ్ "తోర్ కాన్ మా రుయీ భరే హే కా?" అని అరిచేవాడు, చెవుల్లో దూది కుక్కుకున్నావా అని. మావయ్య బూతు ఒకటి తిట్టి నవ్వేవాడు. ఆ ఎగతాళిని గుర్తుపెట్టుకోండి. తర్వాత మావయ్య దాన్నే సాక్ష్యం అనుకున్నాడు.

ఒకసారి మావయ్య పాస్ చేసిన మోటారు పది రోజులకే బేరింగు పట్టేసి తిరిగొచ్చింది. ఆ వారమే మా టెక్నికల్ వాళ్లందరికీ రెండు రోజుల శిక్షణ పెట్టారు. బయటినుంచి ఒకావిడ వచ్చారు. మీకు యంత్రాలు అర్థమవుతాయి, మనుషులు అర్థం కారు, అంటూ మొదలుపెట్టారు. ఎందుకు అని అడగకండి, ఎదుటివాళ్లు ముడుచుకుపోతారు. వాళ్ల చివరి రెండు మాటలు తిరిగి అనండి. తర్వాత మనసులో అయిదు లెక్కపెట్టండి. ఆ నిశ్శబ్దాన్ని వాళ్లే నింపుతారు. వాళ్ల ఇంటి భాషలో మాట్లాడండి.

ఆ తరగతి నాకెంత నచ్చిందో చెప్పకపోతే ఇది సగమే అవుతుంది. చిన్నప్పటి నుంచి నాకు మనుషులంటే బెరుకు. ఎవరైనా ముభావంగా కనిపిస్తే నేనేం తప్పు మాట్లాడానో అని వారం రోజులు తవ్వుకునే రకం. అలాంటి నాకు, మనుషులకి కూడా ఒక డ్రాయింగు ఉంటుందని, ఎక్కడ ముట్టుకుంటే ఏం తెరుచుకుంటుందో నేర్చుకోవచ్చని మొదటిసారి ఒకరు చెప్పారు. ఒక ఫారం కూడా ఇచ్చారు. ఒక పద్ధతిని నిజంగా వాడి చూసి రాయాలి. ఎవరితో మాట్లాడారు, ఏం వాడారు, ఏం తెలిసింది.

మర్నాడు మావయ్య దగ్గరికి వెళ్లాను. మా ఇద్దరి మధ్య ఒక అలవాటు ఉంది. పని మాటలు హిందీలో, ఇంటి మాటలు తెలుగులో. తెలుగులోకి దిగామంటే ఇక అది డ్యూటీ మాట కాదని ఇద్దరికీ తెలుసు. ఆ రోజు నేను తెలుగులో మొదలుపెట్టాను. కావాలనే.

"అలిసిపోతున్నట్టున్నావ్ మావయ్యా."

"అలుపేటమ్మా. సప్పుడే తెలీడం లేదు."

"తెలీడం లేదా?"

ఒకటి, రెండు, మూడు, నాలుగు. అయిదు దాకా అక్కర్లేకపోయింది.

"ఎడం సెవి పోయిందమ్మా. కుడిది కూడా పోతంది. మోటారు ఏటి సెప్తందో ఇనపడదు. సెయ్యెట్టి అదురు సూసి పాస్ సేసేస్తన్నాను."

"పాస్ చేసేస్తున్నావా?"

"తప్పే. నాకు తెలీదేటి? నానే సెప్తాను సాబ్‌కి. ఒక్క వారం ఆగు. ఇన్నేళ్లూ ఈ సెవితోనే బతికాను, ఆ మాట నా నోటితోనే రానీ. నువ్వు ఎవులికీ సెప్పకు."

"సరే మావయ్యా."

ఆ సాయంత్రమే ఫారం నింపాను.

టెస్ట్ రిపోర్టులో ఒక్క గడి ఖాళీగా ఉన్నా మోటారు గేటు దాటదు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి నా వేళ్లకి అదే అలవాటు, గడి కనిపిస్తే నింపడం. 'ఏం తెలిసింది' అన్న చోట ఆయన చెవి సంగతి రాశాను. 'ఎవరితో' అన్న చోట ఆయన పేరు రాశాను. ఒక సహోద్యోగి అంటే చాలు. తోచలేదు. నిజంగా తోచలేదా? తోచింది. కానీ పేరుంటేనే అది కొలిచి రాసినట్టు ఉంటుందనిపించింది. అందరికంటే ముందు, అందరికంటే బాగా నాదే ఉండాలనిపించింది. శిక్షణావిడకి తప్ప ఎవరికీ వెళ్లదనుకున్నాను. ఆవిడ మెచ్చుకుంటూ మా మేనేజరుకి పంపారు.

ఆ విషయం మేనేజరుకి తెలియాల్సిందే. అది నాకిప్పటికీ తెలుసు. బేరింగు పట్టేసిన చోట మనిషి చెయ్యి ఉంటే ఏమయ్యేది? ఈ వాదన పట్టుకునే చాలా రోజులు నెట్టుకొచ్చాను. కానీ నేను రాసింది అందుకోసం కాదు. అందుకోసమే అయితే "నువ్వు చెబుతావా, నేను చెప్పనా" అని ఆయన్నే అడిగి ఉండేదాన్ని.

మూడో రోజు మావయ్యని బల్ల మీంచి తీసి స్టోరులో కూర్చోబెట్టారు. నట్లు, బోల్టులు ఇచ్చే కిటికీ దగ్గర. చెవి సరిగ్గా లేదట కదా అన్నాడట మేనేజరు. ఎవరు చెప్పారో చెప్పలేదు. మావయ్య సరాసరి నా దగ్గరికి వచ్చాడు. తెలుగులోనే మాట్లాడాడు.

"సెప్పింది మన్హరణేనమ్మా."

అప్పుడు నేను చెప్పవలసింది ఒకే ఒక్క మాట. నోరు తెరిచాను. ఏం వచ్చిందంటే,

"మన్హరణేనా?"

తర్వాత ఊరుకున్నాను. భయంతో గొంతు పట్టేసిందని చాలాసార్లు నాకు నేనే చెప్పుకున్నాను. కాదు. లెక్కపెట్టాను. అయిదు దాకా.

"ఆడే. ఇంకెవుడు? రోజూ సెవుల్లో దూదని అరిసీవోడు ఆడే గదా," అన్నాడు మావయ్య. నిశ్శబ్దాన్ని ఆయనే నింపాడు.

మధ్యాహ్నం మావయ్య తన అన్నం డబ్బా తీసుకుని స్టోరులోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకున్నాడు. మన్హరణ్ పేపరు పరిచి చూస్తూ కూర్చున్నాడు. ఒక వారం పాటు చట్నీ ఇద్దరికి సరిపడా తెచ్చాడు. ఒకరోజు నన్ను అడిగాడు, "మేడమ్, అప్పన్న నామీద కోపంగా ఉన్నాడా?" అని. తెలీదు భయ్యా అన్నాను. ఇది మాత్రం నోటితో చెప్పిన అబద్ధమే. ఇప్పుడే గుర్తొచ్చింది. పైన రాసింది కొట్టేయను, ఉండనీ.

మూడు నెలలకి మావయ్య పని మానేశాడు.

పాప పుట్టాక నాకొక పిచ్చి పట్టుకుంది. వెనక నిలబడి పళ్లెం మీద గరిటెతో కొడతాను, తల తిప్పుతుందా లేదా అని. ఆస్పత్రిలో పరీక్ష చేసి బాగుందన్నారు. అయినా కొడతాను. తిప్పుతుంది. మళ్లీ కొడతాను.

పోయిన నెల ఉస్లాపూర్‌లో మా ఇంటి నుంచి ఆటోలో తార్‌బహార్‌లో మావయ్య ఇంటికి వెళ్లాను, పాపని తీసుకుని. చెప్పేద్దామనే. టీవీ పెద్దగా మోగుతోంది, అత్తయ్య టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. "మావయ్యా, ఆ రోజు చెప్పింది నేనే," అన్నాను. "ఏటీ?" అన్నాడు, చెవి ముందుకి పెట్టి. "ఏం లేదు, ఆరోగ్యం ఎలా ఉందీ?" అని గట్టిగా అరిచాను. రెండోది ఆయనకి వినపడింది. రెండూ ఒకే గొంతుతో అనగలిగేదాన్నే కదా? మొదటిది వినపడకూడదనే అంత మెల్లగా అన్నాను.

వచ్చేస్తుంటే పాప చేతిలో బిస్కట్టు పెట్టి, నా వైపు చూడకుండా అడిగాడు. "ఆడున్నాడేటి, ఇంకా డూటీలో?"

తలూపాను.

"అచ్ఛా," అన్నాడు.

మన్హరణ్ ఇంకా ఒక్కడే తింటాడు. పేపరు ఇంకా పూర్తిగానే పరుస్తాడు.

తెలుగులో రాయడానికి రెండో కారణం ఇది. మావయ్య తెలుగు చదువుతాడు. కళ్లజోడు పెట్టుకుని, పెదవులు కదుపుతూ, ఒక్కో అక్షరం. వినపడని మనిషికి రాసి చూపించవచ్చని ఆ రోజే తెలుసు నాకు. సంచీలో పెన్ను ఉంది, కాగితం ఉంది. ఈ కాగితం చింపి ఆయన చేతికి ఇస్తానో లేదో ఇప్పుడు కూడా చెప్పలేను. మాటిస్తే ఏం చేస్తానో నాకు తెలుసు. ఇస్తే క్షమిస్తాడని కూడా అనుకోవడం లేదు. కానీ ఒక్క వాక్యం మాత్రం, ఎవరి మాటా తిరిగి అనకుండా, నా అంతట నేను, ఆయన కళ్లకి ఆనేంత పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. రాస్తుంటే చెయ్యి కాస్త తేలికపడింది.

మన్హరణ్ చెప్పలేదు మావయ్యా. నేను చెప్పాను.