నా చేతిరాతలో ఒప్పుకోళ్లు

మా సంఘంలో ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ముందు ఎవరితోనైనా గొడవ ఉంటే సమాధానపడాలి. ఈ నియమం అన్ని సంఘాల్లోనూ ఉన్నదే. మా దగ్గర దానికి ఇంకొకటి కలిసింది. ఇంట్లో గొడవ జరిగిన ఆడమనిషి ముందు శుక్రవారం స్త్రీల కూటంలో ఒప్పుకోలు కాగితం ఇవ్వాలి. పాస్టరుగారిని మేం అయ్యగారు అంటాం. ఆయన అది చదివి, ప్రార్థన చేసి, బల్లకు రానిస్తారు. ఇవ్వనివాళ్లు ఆ ఆదివారం చాప చివర కూర్చోవాలి. పళ్లెం తమ ముందునుంచి దాటిపోతుంటే ముసుగు కిందకు లాక్కుని తల దించుకోవాలి. ఆ సిగ్గు పడలేక అందరూ ఇచ్చేవాళ్లు. వాళ్లకు రాసిపెట్టేది నేను.

నేను తొమ్మిదో తరగతితో బడి మానేశాను. ఏలూరులో జాకెట్లు కుట్టుకుంటూ, మధ్యాహ్నాలు లైబ్రరీలో చదువుకున్నాను. నవలలతో మొదలుపెట్టి చరిత్ర, ఆరోగ్యం, చట్టాల దాకా వెళ్లాను. నిఘంటువు కూడా కథల పుస్తకంలా చదివాను. మా సంఘంలో కొల్లేటి లంకల నుంచి వచ్చి పట్నం అంచున స్థిరపడ్డ కుటుంబాలే ఎక్కువ. ఆడవాళ్లలో నా అంత చదివినవాళ్లు లేరు. ఒప్పుకోలు వాక్యపు భాషలో, అంటే బైబిలు తెలుగులో ఉండాలని అయ్యగారి కోరిక. ఆ భాష నాకు బాగా వచ్చు. "మీ రాతలో అభిషేకం ఉందండి" అన్నారాయన ఒకసారి, అందరి ముందూ. ఆ మాట వారం రోజులు నాలో మోగింది.

మా పిన్ని కూతురు, నా చెల్లెలు, ఆ సంఘంలోనే పెళ్లి చేసుకుంది. మరిది చేపల వ్యాన్ డ్రైవరు. చెరువుల దగ్గర ఐసుపెట్టెలు ఎక్కించుకుని వెళ్లి, మూడు రోజులకో నాలుగు రోజులకో వచ్చేవాడు. మెల్లగా మాట్లాడే మనిషి. నన్ను చూస్తే లేచి నిలబడి "వందనాలు వదినా" అనేవాడు. తరవాత గూడెంలో బియ్యం మిల్లు లారీకి మారాడు, కాపురం తాడేపల్లిగూడెం వెళ్లింది. బల్ల ఆదివారానికి మాత్రం ఇద్దరూ రైలెక్కి ఏలూరు వచ్చేవారు. ఒప్పుకోలు ఉంటే చెల్లెలు శుక్రవారమే వచ్చేసేది.

మొదటిసారి నా మిషను పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని చెప్పింది. "అన్నం లేటయ్యిందని గరిటెతో కొట్టేడక్కా. ఇనప గరిటె."

"ఆయన తప్పు ఆయన చూసుకుంటాడే. ఇది నీ కాగితం. నీ తప్పేంటో చెప్పు."

"లేటయ్యింది."

"అంతేనా? ఎదురు మాట్లాడలేదూ?"

"ఏం మాట్లాడతానక్కా, గరిటె అడ్డం పట్టుకున్నాను."

నేను రాశాను. నా నోటి దురుసు వల్లను, నా అలక్ష్యము వల్లను నా యజమానునికి కోపము రేపితినని, ఇకమీదట లోబడి నడుచుకొందునని. 'రేపితిని' అనే మాట దగ్గర కాసేపు ఆగి, ఇంకా బరువైనది ఉందేమో ఆలోచించిన సంగతి నాకు బాగా గుర్తు. చదివి వినిపించాను. చెల్లెలు విని, "చాలా బాగుందక్కా" అని సంతకం పెట్టింది. రెండేళ్లలో అలాంటివి నాలుగు రాశాను.

మొన్న వానల్లో ఒక మంగళవారం మధ్యాహ్నం, చెప్పాపెట్టకుండా గూడెం నుంచి బస్సులో వచ్చింది. చేతిలో సంచీ కూడా లేదు. లోపలికి రమ్మన్నాను. పలకలేదు. అన్నం తింటావా అన్నాను. పలకలేదు. అలిగిందేమో అనుకుని, "ఏంటే, బిగుసుకుపోయావు, నేనేం చేశాను?" అంటూ ఎదురుగా వెళ్లాను. అప్పుడు చూసింది. "అక్కా, ఇటు రా. ఎడం పక్కన వినపట్టంలేదు" అంది, ఏదో కరెంటు పోయిందన్నట్టు.

ఆసుపత్రిలో చెవి డాక్టరు చిన్న లైటు పెట్టి చాలాసేపు చూశారు. కర్ణభేరి చిరిగిందన్నారు. "ఇది మొన్నటిదండి. కానీ అంతకుముందూ ఒకసారి చిరిగి మానింది. అప్పుడు చూపించలేదా?" అని నన్ను అడిగారు. నేను చెల్లెలి వంక చూశాను. చెల్లెలు నేల వంక చూసింది. ముందుసారి చిరిగినప్పుడూ ఆమె వచ్చి ఉంటుంది నా దగ్గరకే. కాగితం రాయించుకుని వెళ్లి ఉంటుంది.

"నేనింక ఆ ఇంటికెళ్లనక్కా. పంపించేయకు" అంది బయట మెట్ల మీద. ఆమె అడిగింది అదొక్కటే.

మర్నాడు డాక్టరు చీటీతో పోలీసు స్టేషనుకు వెళ్లాం. కంప్లైంటు ఇచ్చి కూర్చున్నాం. అవతలివాళ్లను కూడా పిలిపించి అడుగుతామన్నారు. సాయంత్రానికి మరిది వచ్చాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని. అతని వెనక అయ్యగారు. నన్ను చూసి ఇద్దరూ వందనాలు చెప్పారు. చెప్పాక అయ్యగారు సంచీలోంచి నీలం రంగు ప్లాస్టిక్ ఫైలు తీసి, ఎస్సైగారి బల్ల మీద పెట్టారు. ఆవిడ నా ఈడు మనిషి.

"మా అమ్మాయే అండి, మంచి పిల్ల. ఏదో ఆవేశంలో వచ్చింది. తన సంగతి తనే ముందు ఒప్పుకుందండి, ఒకసారి కాదు. తమరే చూడండి" అన్నారు.

ఎస్సైగారు మొదటి కాగితం పైకి చదివారు. స్టేషనులో ఫ్యాను చప్పుడు మధ్య నా వాక్యాలు వినిపించాయి. నోటి దురుసు. అలక్ష్యము. రేపితిని. ఆ గుండ్రటి అక్షరాలు నావి. ఎవరో నా ఇంట్లోంచి కత్తిపీట ఎత్తుకొచ్చి అక్కడ పెట్టినట్టు అనిపించింది. ఎవరూ ఎత్తుకురాలేదు. నేనే ఇచ్చాను.

"ఇన్నిసార్లు నా తప్పే అని సంతకం పెట్టి, ఇప్పుడు మాట మారిస్తే ఎలాగమ్మా? కౌన్సెలింగ్ చేసి పంపిస్తే వెళ్తావా?" అన్నారు ఎస్సైగారు. చెల్లెలు సగమే విన్నట్టుంది. కానీ ఆ కాగితాలను చూసింది. తరవాత నన్ను చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఇంకా నేను ఏదో బాగా చెప్పి గట్టెక్కిస్తానన్న నమ్మకమే ఉంది.

"రాసింది నేనండి" అన్నాను.

అయ్యగారు నవ్వారు. "రాసింది అక్కగారేనండి, మా సంఘంలో చదువుకున్నావిడ. చెప్పింది మాత్రం ఆ అమ్మాయే. అంతేనా అక్కగారూ?"

"కాదండీ. అన్నం లేటయ్యిందనీ, గరిటెతో కొట్టేడనీ చెప్పింది. గరిటె సంగతి నేను రాయలేదు. నోటి దురుసు తను చెప్పలేదు, నేను పెట్టాను."

మరిది గొంతు మొదటిసారి లేచింది. "ఏంటొదినా, పుస్తకాలు చదివి చదివి బుర్ర తిరిగిందా? ఎవరి కాపురం కూలుస్తున్నారు మీరు?"

"కూర్చోండి" అన్నారు ఎస్సైగారు అతనితో. కాగితాలు పక్కన పెట్టి, కుర్చీ చెల్లెలి కుడిచెవి వైపుకు జరుపుకుని అడిగారు. "నువ్వు చెప్పమ్మా. మీ అక్క కాదు, నువ్వే."

చెల్లెలు చెప్పింది. నేను విన్నాను. రెండేళ్లలో నాలుగు కాగితాలు రాసిన నేను ఆ సంగతులు అప్పుడే వినడం. వాతలున్న చోట్లు. వ్యాన్ తాళాలతో కొట్టడం. చెవి మొదటిసారి పోయిన రోజు. వాళ్లు ఏలూరులో ఉన్నప్పుడే ఒకసారి అయ్యగారింటికి వెళ్లి, దవడ చూపించిందట. అయ్యగారు అతన్ని పిలిపించి మందలించారట.

"ఏమని మందలించేరు?" అన్నారు ఎస్సైగారు.

"మొహం మీద కొట్టకు, ఆదివారం అందరూ చూస్తారు, సంఘానికి చెడ్డ సాక్ష్యం అవుద్ది అన్నారండి."

నేను అయ్యగారి వైపు తిరిగాను. కాదంటారనుకున్నాను. కాదనాలని లోపల కోరుకున్నాను కూడా. ఆయన జేబురుమాలుతో మెడ తుడుచుకుని, "కోపం తగ్గించుకోమనే ఉద్దేశంతో చెప్పేనండి. భర్తకి దిద్దే అధికారం వాక్యంలోనే ఉంది కదా" అన్నారు. ఎప్పుడూ ప్రసంగంలో మాట్లాడినట్టే, మెత్తగా, ప్రేమగా.

భార్యలు లోబడాలన్న మాట పక్కనే, భర్తలు తమ ప్రాణం పెట్టి ప్రేమించాలన్న మాటా ఉంది. అది నేను ఎన్నోసార్లు చదివాను. ఆ రెండో మాట మీద మా సంఘంలో ప్రసంగం విన్న గుర్తు లేదు. ఆడవాళ్ల రక్షణ చట్టాల మీద తెలుగు పుస్తకం కూడా లైబ్రరీలో మొదటినుంచి చివరి దాకా చదివాను. పరీక్ష పెడితే పాసవుతాను. ఆ పుస్తకంలోని ఆడమనిషి నా మిషను పక్కన పీట మీద కూర్చుంటే మాత్రం పోల్చుకోలేకపోయాను.

ఎస్సైగారు కంప్లైంటు తీసుకున్నారు. నా వాంగ్మూలం నన్నే రాయమన్నారు. ఎనిమిది లైన్లు రాశాను. అలంకారం ఏమీ లేదు. చెల్లెలు నాతో మా ఇంటికి వచ్చింది. మేం స్టేషను నుంచి బయల్దేరే ముందు అయ్యగారు ఫైలు తిరిగి ఇమ్మని అడిగారు, "సంఘం కాగితాలండీ" అని. ఎస్సైగారు చెల్లెలి నాలుగు కాగితాలు మాత్రం ఉంచుకుని, ఫైలు ఇచ్చేశారు. ఇస్తున్నప్పుడు చూశాను. నాలుగు తీసినా అది పలచబడలేదు.

ఆదివారం నన్ను బల్లకు దూరం పెట్టారు. కారణం మైకులో చెప్పారట, నేను వెళ్లలేదు. తరవాతి శుక్రవారం పొద్దున్న, స్త్రీల కూటం వేళకు, మా సంఘం ఆవిడ ఒకరు తలుపు కొట్టారు. చేపల చెరువు కాపలాదారు ఇంటావిడ, యాభై దాటి ఉంటాయి. చదువు రాదు, వేలిముద్రే. లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడ్డారు.

"అక్కగారూ, ఆ ఫైల్లో నాయి కూడా ఉన్నాయంట కదండీ."

"ఉన్నాయండి."

"ఎన్నండి?"

నాకు తెలియలేదు. మూడో, ఐదో.

"పోన్లెండి. నా దాంట్లో ఏం రాసేరో చెప్తారా? మీరప్పుడు చదివేరు గానీ, పెద్ద మాటలు కదండీ, నాకు తెలవలేదు. బాగుందన్నాను."

ఆవిడ మొహంలోకి చూస్తూ గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. ఏ నెలో, ఏ గొడవో, ఏ దెబ్బో. ఒక్క వాక్యమూ రాలేదు. ఆమెకు రాసినవీ చెల్లెలికి రాసినవీ వేరుచేసి చెప్పలేకపోయాను. అందరికీ అదే రాసి ఉంటాను.

"గుర్తు లేదండి" అన్నాను. "మీకు ఏం జరిగిందండీ?"

ఆవిడ చెప్పులు విప్పి లోపలికి వచ్చారు.