ఈశ్వరి వయసు

నూకాలు తగువులో ఓడిపోవడం నేను ఒక్కసారే చూశాను. గెలవడం చాలాసార్లు చూశాను. అందులో ఒకటి చెబితే మనిషి ఎలాంటిదో తెలుస్తుంది.

ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారి వేలంపాట జరుగుతోంది. జెట్టీ మీద కానాగంత చేపల కుప్ప పోశారు. పాట ఎవరి పేర కొట్టేస్తే వాళ్ళు గంప కింద తల మీద పెట్టుకునే గుడ్డ చుట్టకుదురు తీసి ఆ కుప్ప మీద పడేస్తారు. అది పడ్డాక కుప్ప వాళ్ళదే. మా ఆడవాళ్ళ పద్ధతి అది. నూకాలు కుదురు వేసి గంప తెచ్చుకునేలోగా, గవర్రాజు అనే బేరగాడు దాన్ని కాలితో నీళ్ళలోకి తోసేసి తన తువ్వాలు పరిచాడు.

"నీ కుదురెక్కడే ఇక్కడ? కలగన్నావేటి?" అన్నాడు.

నూకాలు అరవలేదు. నలుగురినీ దగ్గరికి రమ్మని చేత్తో పిలిచింది.

"బావా, నీ తువ్వాల ఓపాలి ఎత్తు. ఎత్తినాక కూడా నీదే అయితే, గంప నానే మోసి నీ ఇంటికి తెత్తాను."

ఎత్తాడు. దాని కుదురు పాత ఎర్రచీర పేలిక, తడిస్తే రంగు దిగుతుంది. చేపల తెల్లటి పొట్టల మీద గుండ్రంగా ఎర్రటి చుట్ట పడి ఉంది. జెట్టీ అంతా నవ్వింది.

"మనిసి అబద్దమాడతాడు బావా. గురుతు ఆడదు," అంది నూకాలు, చేపలు గంపకెత్తుకుంటూ.

జాలారిపేటలో దాని గోడా నా గోడా ఒకటే. బంధుత్వం లేదు. అది నన్ను పిన్నీ అంటుంది, నేను దాన్ని పక్కలో బల్లెం అంటాను. మొగుడు తాతబాబు బోటు మీద పదిహేను రోజులు సముద్రంలో ఉంటే నాలుగు రోజులు ఇంట్లో ఉంటాడు. ఇది గంప ఆటోలో వేసుకుని మద్దిలపాలెం వెళ్ళి, రోడ్డు పక్కన కూర్చుని చేపలమ్ముతుంది. ముప్పై అయిదేళ్ళుంటాయి. చదువు లేదు. నాకైతే మూడో తరగతి దాకా ఉంది.

దాని మొదటి పిల్ల పేరు ఈశ్వరి. రెండేళ్ళు నిండగానే మూడు రోజుల జ్వరంతో పోయింది. తాతబాబు అప్పుడు సముద్రం మీద ఉన్నాడు. పిల్లకు ఆఖరి నీళ్ళు నేనే పోశాను. పోసి, మడమకు మసి బొట్టు పెట్టాను. ఆ బిడ్డ మళ్ళీ అదే కడుపున పడితే గుర్తుపట్టడానికి మా పెద్దవాళ్ళు చేసే పని అది.

ఏడాది తిరిగాక నూకాలు పుట్టింట్లో ఇంకో ఆడపిల్లను కన్నది. మొహం చూడకముందే మడమ చూసిందట. నల్లటి మచ్చ ఉంది. మళ్ళీ ఈశ్వరి అనే పెట్టుకుంది.

"నా గుంట పోనేదు పిన్నీ. ఊరెల్లొచ్చింది," అంది నాతో.

ఆనాటి నుంచి పోయిన పిల్ల మాట ఆ ఇంట్లో ఎత్తలేదు. తాతబాబూ ఎత్తలేదు. రెండో పిల్లకు ఆ సంగతే తెలీదు. నేను మసి పెట్టింది ఎడమ మడమకి. ఈ పిల్ల మచ్చ కుడి మడమకి. నా నోరు ఎంత చెడ్డదో పేటంతా చెబుతుంది. ఈ ఒక్క మాటను మాత్రం ఎనిమిదేళ్ళు నోట్లోనే ఉంచుకున్నాను.

బడిలో వేసిన రోజు, చదువొచ్చినదాన్నని నన్ను వెంటబెట్టుకెళ్ళింది. ట్రంకుపెట్టెలోంచి పుట్టిన కాగితం తీసి ఇచ్చింది. పేరు ఈశ్వరి, తల్లి నూకాలు, తండ్రి తాతబాబు అని పైకి చదివాను. తేదీ చదవలేదు. అది పెద్ద పిల్ల కాగితం. చిన్నదానికి కాగితమే తీయించలేదు. పేరదే, ఇంటిపేరదే, పిల్ల కూడా అదేనని తల్లి నమ్మకం, ఇంక రెండో కాగితమెందుకు? సాక్షి సంతకం కూడా నేనే చేశాను, గొలుసు రాతలో, గొప్పగా. మా పేటలో పిల్లల్ని ఆలస్యంగా బడిలో వేయడం మామూలే కాబట్టి బడివాళ్ళూ అడగలేదు.

ఇప్పుడు ఈశ్వరి మూడో తరగతి. ఈ ఏడు సుధారాణి టీచరు బడిలో బుల్‌బుల్ పెట్టింది. చిన్న ఆడపిల్లల స్కౌటు అది. నీలం గౌను, మెడలో స్కార్ఫు, సెల్యూటు. రోజుకో మంచి పని చెయ్యాలి. పొద్దున్నే ఒక ముడి వేసుకుని, ఆ పని చేశాకనే విప్పాలి. మా పేట పిల్లలు నీసు కంపని బడిలో వెనక వరసే. అలాంటిది, వలముడి అందరికంటే ముందు వేసిందని టీచరు ఈశ్వరిని ముందుకు పిలిచి నిలబెట్టింది. ఆ పిల్లని ముందుకు రమ్మన్నవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు.

ఇంకా చేర్చుకోకముందే మొదలుపెట్టేసింది. గౌను నాడాకు ముడి వేసుకుని వచ్చి, నేను అడక్కుండానే నా బిందె నింపేది.

"ఏటే గుంటా, నీ పున్నెమంతా నా మీదేనేటి?"

"దగ్గర్లో ఉన్న ముసిలిదానివి నువ్వే గదా మామ్మా," అని నాడా విప్పుకుని పోయేది.

సోమవారం నాడు టీచరు తల్లిని పిలిపించింది. నేనూ వెళ్ళాను.

"కాగితం ప్రకారం పిల్లకి పదకొండేళ్ళు దాటాయమ్మా. బుల్‌బుల్‌లో పదేళ్ళ వరకే."

"పదకొండేటి? ఎనిమిది. కన్నదాన్ని నాను. నీకు తెలుసా నాకు తెలుసా?" నూకాలు గొంతు బడంతా వినబడింది. మా పిల్లలంటే మీకు అలుసంది, నీసు కంపని తోసేస్తన్నారంది, పళ్ళు లెక్కెట్టుకో, ఎత్తు కొలుసుకో అంది.

టీచరు అన్నీ విన్నది. "ఎనిమిదే అయ్యుండొచ్చు. చూస్తే నాకూ అలానే ఉంది. మరి ఈ కాగితం ఎవరిదమ్మా?"

నూకాలు గంప కూడా మర్చిపోయి గేటు దాటేసింది. గంప నేను మోసుకొచ్చాను.

టీచరు మంచిదే. శనివారం పిల్లల చేత ప్రమాణం చేయిస్తారనీ, వయసు దిద్దడానికి అర్జీ పెట్టి శుక్రవారంలోగా రసీదు తెస్తే చాలు, చేర్చుకుంటాననీ నాతో చెప్పి పంపింది. వార్డు సచివాలయంలో అడిగి వచ్చాను. ముందు పెద్ద పిల్ల పోయినట్టు రాయించాలట, ఆ తర్వాతే చిన్నపిల్ల పుట్టినట్టు రాస్తారట. అర్జీ మీద తల్లో తండ్రో సంతకమో వేలిముద్రో వెయ్యాలట, పిల్ల పోవడం కళ్ళారా చూసినవాళ్ళు వచ్చి నోటితో చెప్పి సంతకం చెయ్యాలట. తాతబాబు బోటు వెళ్ళి నాలుగు రోజులే అయింది. వాడు ఉన్నా ఏం చెబుతాడు, చూసినవాడు కాదు.

నూకాలుకి ఆ మాట చెప్పాను. విననట్టే గిన్నెలు తోముకుంది.

ఈశ్వరి నాడా ముడి ఇక విప్పలేదు. నా బిందె దగ్గరికి రాలేదు. మంగళవారం తినలేదు, బుధవారం తినలేదు. అలాంటి నీలం గౌనే కొంటానని తల్లి బతిమాలింది.

"గౌను కాదమ్మా. నన్ను ఆ వరసలో నిలబెట్టమను."

"ఒద్దని రాసీసినారే తల్లీ."

"నాకెన్నేళ్ళో నాకు తెల్దేటి? మరి ఆ పదకొండేళ్ళు ఎవులియి?"

గోడ అవతల చెంప పగిలిన చప్పుడు వినబడింది. ఆ పిల్ల మీద నూకాలు చెయ్యి పడడం అదే మొదలు. కొట్టినదాని ఏడుపే నాకు ఎక్కువ వినబడింది.

గురువారం మిట్టమధ్యాహ్నం నేను ఎండుచేపలు తిరగేస్తుంటే నూకాలు వచ్చి ఇసుకలో కూలబడింది. ఆ రోజు మద్దిలపాలెం వెళ్ళలేదు. తల దువ్వుకోలేదు. ఒక చేపను పట్టుకుని అటూ ఇటూ తిప్పింది.

"నా నోటితో సెప్తే నానే సంపినట్టు పిన్నీ."

"నువ్వు సంపడమేటే, జొరం సంపింది."

"సెప్పకపోతే దీన్ని సంపీసినట్టున్నాది."

ఇక దాచి లాభం లేదనుకున్నాను. "నూకాలూ, ఆ మచ్చ సంగతి..." అని మొదలుపెట్టాను.

"ఎడం కాలు," అంది.

చేతిలో చేప కింద పెట్టి దాని వైపు తిరిగాను.

"నువ్వు మసెడతంటే నాను గుమ్మంలోనే ఉన్నాను పిన్నీ. ఇది పుట్టినాక కుడికాలు సూసినాను. సూసి కూడా అదే అనీసుకున్నాను. గవర్రాజు సేసిన పనే నానూ సేసినాను. దాని గురుతు మీద దీన్ని కప్పీసినాను."

నేను దాని జుట్టు ముడి వేశాను. వేసేదాకా కదలకుండా కూర్చుని, అప్పుడు అడిగింది.

"రేపు ఆపీసుకి నాను ఒత్తాను. ఏలిముద్ర ఏత్తాను. నోటితో మాత్రం నువ్వే సెప్పు పిన్నీ. ఏ రోజో సెప్పు, జొరమని సెప్పు. ఎవులు పోయినారని అడిగితే పెద్దీశ్వరి అని సెప్పు. నాను గుమ్మం బయట ఉంటాను. నాకు ఇనబడకుండా సెప్పు."