కోయించిన టైరు

ఓసారి కోరుట్ల వెళ్తూ జగిత్యాలలో ఆగి, కారుకు కొత్త టైర్లు వేయిస్తున్నాను. పరుగుకు పుట్టిన ఆ కారు నా చేతికొచ్చి నడక నేర్చుకుంది. షాపు బెంచీ మీద నా పక్కన కూర్చున్న ఒకాయన నా పాత టైరును నిమిరాడు.

"గిది నాకియ్యుండ్రి సార్. మా కారుదీ గదే సైజు. రేపు బిడ్డను సిరిసిల్లకు తీస్కపోవాలె."

ఉలిక్కిపడ్డాను. "పక్కకు ఉబ్బింది చూడుండ్రి. దార్ల పేల్తది!"

"గాలి జర తక్కువ కొట్టిస్త తియ్యుండ్రి."

"తక్కువైతె ఇంక వేడెక్కుతది!" అంటూనే, షాపతని చేత ఆ టైరును ఉబ్బిన చోటే కోయించాను.

"ఏంది సార్, గిట్ల చేస్తిరి!" అని ఆయన నోరెళ్ళబెట్టాడు. లోపల ముందే తెగి వేలాడుతున్న పోగులను వేలితో తడిమాడు. మెల్లగా ఫోను తీశాడు.

"బిడ్డా, రేపు బస్సుల పోదాం."

ఇప్పటికీ టైర్లు మార్పించినప్పుడల్లా, పాతవి కోసేదాకా నేను బెంచీ మీంచి లేవను.