రెండింటికి పడే మూత

ఎవరినైనా తిట్టాలంటే నేను రోడ్డు దాటి ఇవతలికి రావాలి. అవతల పార్కులో మా వదిన హౌనాని ఉంటుంది. ఆమె ముందు చెక్క గిన్నె ఉంటుంది. ఆ గిన్నె తెరిచి ఉన్నంతసేపు అక్కడ ఎవరూ నోరు చేసుకోకూడదు. రెండేళ్ళుగా అది తెరిచే ఉంది. అందుకని ఈ సంగతి ఇటువైపు నిలబడి చెబుతున్నాను, గట్టిగానే చెబుతాను.

నా పేరు డెల్ఫీనా. హౌనాని మా అన్న క్లారెన్స్ భార్య. మా దీవిలో హమాకువా తీరం రోడ్డు పక్కన, ఇవామోటో గారి పాత చక్కెర గోదాము వసారాలో ఆమె ముప్పై ఒక్క ఏళ్ళు ప్లేట్ లంచ్ కౌంటర్ నడిపింది. వంట ఆమెది, అన్నం పెట్టడం నాది. గుండ్రంగా రెండు ముద్దలు అన్నం, ఒక ముద్ద మాకరోనీ సలాడ్, పక్కన ఆకుల్లో చుట్టి ఉడికించిన పంది మాంసమో, వేయించిన కోడి ముక్కలో. కౌంటర్ చివర ఆమె ముత్తవ్వ నాటి చెక్క గిన్నె, దాని నిండా పోయ్ అనే చామదుంప గుజ్జు. వైపియో లోయలో చామ పండించే మాకియా బాబాయి దుంపలు ఉడికించి, మెత్తగా దంచి, పొద్దున్నే తెచ్చి పోసేవాడు. ఎవరికి కావలసినంత వాళ్ళు గరిటెతో వేసుకోవడమే.

పదకొండింటికి వదిన మూత తీసేది. తీశాక ఇక గొడవ లేదు, బేరం లేదు, చాడీలు లేవు. చామ మొక్క మా అందరికీ పెద్దన్న. మనుషులకన్నా ముందు పుట్టింది అదే. అన్నగారు ఎదురుగా కూర్చుని ఉండగా తమ్ముళ్ళు జుట్టూ జుట్టూ పట్టుకుంటారా? పట్టుకోరు. మొగుడూ పెళ్ళాలు మాటలు లేని రోజున కూడా మా బల్ల దగ్గర పక్కపక్కన కూర్చుని బుద్ధిగా తినేవాళ్ళు. రెండింటికి వదిన మూత వేసేది, అసలు హౌనాని అప్పుడు బయటికి వచ్చేది.

ఆ నోటికి ఊరంతా హడల్. ఒకసారి బియ్యం వ్యాపారి పురుగు పట్టిన బస్తాలు పంపి, ఏమీ ఎరగనట్టు పన్నెండింటికి భోజనానికి వచ్చాడు. వదిన ప్లేటు నిండా వడ్డించింది. "తిను నాయనా, కడుపు నిండా తిను. రెండింటిదాకా ఉంటావు కదా? తొందరేం లేదుగా?" అంది నవ్వుతూ. ఆయన సగం ప్లేటు వదిలేసి లారీ ఎక్కాడు. మా అన్న బతికున్నప్పుడు ఆమెకు చెప్పకుండా పడవకు కొత్త మోటారు కొని, సరిగ్గా గిన్నె తెరిచి ఉండగా వచ్చి చెప్పాడు. వదిన "మంచిది" అంది. అన్న ఒంటిగంటన్నరకల్లా సముద్రం మీదికి పోయి సాయంత్రం దాకా ఒడ్డుకు రాలేదు.

అయితే ఆమె నోరు ఆమె కోసమే కాదు. ఎవరి పింఛను ఆగినా, ఏ ముసలమ్మను ఆఫీసుల చుట్టూ తిప్పినా రెండింటికి వచ్చి వదిన చెవిన వేసేవాళ్ళు. ఆమె చేతులు తుడుచుకుని ఫోను తీసేది. అవతలివాడు ఎంత పెద్దవాడైనా పది నిమిషాల్లో "అలాగేనమ్మా, అలాగేనమ్మా" అనేవాడు. లాయరుకు డబ్బివ్వలేని ఊరికి ఆ నోరే దిక్కు.

ఇక గ్రాంట్. పేరు తలుచుకుంటేనే నా ఒళ్ళు మండుతుంది.

సముద్రం అవతల మెయిన్‌ల్యాండ్ నుంచి పది రోజుల సెలవుకు వచ్చాడు. మొదటిరోజు ఆకు పొట్లం ఇస్తే, విప్పాలని తెలియక పై ఆకుతో సహా నమలడం మొదలుపెట్టాడు. వరుసలో ఉన్నవాళ్ళు పెదవులు బిగబట్టుకున్నారు. వదినే ఇవతలికి వచ్చి తన చేత్తో ఆకు విప్పింది. "పైది తినకూడదు నాయనా, అది దాని చొక్కా. చొక్కా విప్పి లోపలిది తిను." ఆ మాటకు అతను పడీపడీ నవ్వాడు. ఆ తరవాత రోజూ వచ్చాడు. మూడో రోజుకు "ఆంటీ" అన్నాడు. అయిదో రోజున గిన్నె సంగతి అడిగితే వదిన అంతా చెప్పింది.

"అయితే మీ చేత తిట్లు తినకుండా ఉండాలంటే మధ్యాహ్నం రావాలన్నమాట," అన్నాడు గ్రాంట్.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే నా పళ్ళు నేనే రాలగొట్టుకోవాలనిపిస్తుంది. వెళ్ళేరోజున వదిన అతని మెడలో పూలదండ వేసి బుగ్గ మీద ముద్దు పెట్టి పంపింది.

గోదాము ఇవామోటో గారిది అన్నాను కదా. ఆయన ఏనాడో నోటిమాటగా, "నీ పొయ్యి వెలిగినన్నాళ్ళు ఇది నీదే, హౌనాని" అన్నాడు. కాగితం లేదు. కాగితం రాయించుకో వదినా అని నేను వెయ్యిసార్లు మొత్తుకున్నాను. కానీ ఆ పెద్దమనిషి ఎప్పుడూ భోజనానికే వచ్చేవాడు, తినేసి వెళ్ళిపోయేవాడు. గిన్నె తెరిచి ఉండగా కాగితాల మాట ఎత్తడమేమిటి? ఇంటికెళ్ళి అడిగితే ఆయన్ని నమ్మనట్టు ఉంటుంది. అలా అలా ముప్పై ఏళ్ళు గడిచిపోయాయి, ఆయన కూడా పోయాడు. ఆయన పిల్లలు కాలిఫోర్నియాలో ఉంటారు.

సెలవు ముగించుకుని వెళ్ళిన అయిదు నెలలకు గ్రాంట్ మళ్ళీ వచ్చాడు. పన్నెండు దాటి పది నిమిషాలైంది, వరుసలో నలభై మంది ఉన్నారు. చేతిలో ఫైలు.

"ఆంటీ, మీకో మంచి వార్త," అన్నాడు. "ఈ స్థలం నేనే కొన్నాను. ఇవామోటో గారి పిల్లలు అమ్మేశారు. మీరేం కంగారు పడకండి, ఏమీ మార్చను. బోర్డు ఉంటుంది, బల్లలు ఉంటాయి. వెనక గదులు కట్టి సెలవులకొచ్చేవాళ్ళకు అద్దెకిస్తాను. వంట మా వాళ్ళు చూసుకుంటారు. మీరు రోజూ కాసేపు వచ్చి ఆ గిన్నె దగ్గర నిలబడితే చాలు."

వదిన చేతిలో గరిటె ఆగింది. "గిన్నె మా ముత్తవ్వది," అంది మెల్లగా.

"కాగితంలో లోపలున్న సామానంతా అని ఉంది ఆంటీ." అతను గిన్నె వైపు చూసి నవ్వాడు. "తెరిచే ఉంది కదా. ఇప్పుడు గొడవ పడకూడదు. మీరే చెప్పారు."

విన్నారా? ఆమె చెప్పిన మాటే, ఆమె అన్నం తిని, ఆమె నోటికే అడ్డం పెట్టాడు. బేరసారాలు కూడా అక్కడ మాట్లాడకూడదని ఆమె చెప్పింది. ఆ సగం మాత్రం అతనికి గుర్తులేదు.

వరుస మొత్తం వదిన వైపు తిరిగింది. వదిన అతని వైపు చూసి, "అన్నం ఒక ముద్దా, రెండా?" అని అడిగింది.

"రెండు," అన్నాడు.

ఆ రెండు ముద్దలూ పెట్టింది నేనే. అతని నెత్తిన పెట్టాల్సింది. ప్లేటు ఇచ్చేసి చటుక్కున మూత అందుకున్నాను. వదిన నా మణికట్టు పట్టుకుంది.

"జనం తింటున్నారు, డెల్ఫీనా."

"ఒక్క నిమిషం వెయ్యి వదినా. మిగతాది నేను చూసుకుంటా."

"ఆకలి మీదున్నవాళ్ళ ముందు మూత వెయ్యను. నా కోపం కోసం అసలు వెయ్యను."

అతను తిన్నాడు, చెయ్యి ఊపాడు, ఒంటిగంటన్నరకు వెళ్ళిపోయాడు. రెండింటికి మూత పడింది. తిట్టడానికి ఎదురుగా నేనే ఉన్నాను, ఆ తిట్లన్నీ నేనే తిన్నాను. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. కొలతలు తీసుకోవడానికి వచ్చినా, బల్లలు లెక్కపెట్టుకోవడానికి వచ్చినా గిన్నె తెరిచి ఉన్నప్పుడే వచ్చేవాడు. రెండు వారాలు ఒక్కనాడు కూడా రెండు కొట్టేదాకా ఉండలేదు, ఆ తరవాత ఫోను చేస్తే ఎత్తలేదు. మా అన్న అలా దాక్కున్నది ఒక్క పూట, అదీ పెళ్ళానికి భయపడి. ఇతనికి భయం కూడా కాదు, తెలివి.

హిలో పట్నంలో లాయరును కలిశాం. స్థలం మాట మరిచిపొమ్మన్నాడు. గిన్నె మీదేనని బిల్లు ఏమైనా ఉందా అని అడిగాడు.

"ముత్తవ్వ బిల్లు ఇస్తుందా?" అంది వదిన.

కేసు వెయ్యొచ్చు, ఏళ్ళు పడుతుంది, అందాకా గిన్నె అతని దగ్గరే ఉంటుంది అన్నాడు లాయరు. తిరిగి వచ్చేటప్పుడు కారులో నేను, "చీకటితోనే వెళ్ళి ఇంటికి తెచ్చేసుకుందాం వదినా" అన్నాను. "నా గిన్నె నేను దొంగలా ఎత్తుకుపోవాలా?" అంది. స్థలం పోతే ఆమె ఏడవలేదు. గిన్నె మాట వచ్చినప్పుడల్లా మాత్రం కొంగలా మెడ నిక్కించి ఎటో చూసేది. దాన్ని అద్దె గదులవాళ్ళు ఫొటోలు తీసుకునే బొమ్మ చేస్తారన్నదే ఆమె దిగులు.

తాళాలు ఇవ్వాల్సిన రోజు వచ్చింది. గ్రాంట్ మామూలుగానే పన్నెండింటికి వచ్చాడు, ఇద్దరు స్నేహితుల్ని, ఒక కెమెరాను వెంటబెట్టుకుని. వదిన తాళాలు అతని చేతిలో పెట్టింది. ఏప్రన్ విప్పి మేకుకు తగిలించింది. తరవాత నిండా పోయ్ ఉన్న గిన్నెను తెరిచింది తెరిచినట్టే రెండు చేతులా ఎత్తుకుని మెట్లు దిగింది.

వరుసలో ఉన్నవాళ్ళు ప్లేట్లు పట్టుకుని ఆమె వెనకే నడిచారు. మాకియా బాబాయి రోడ్డు మధ్యకు వెళ్ళి చెయ్యి అడ్డం పెట్టి కార్లు ఆపాడు. నేను మూత చంకన పెట్టుకుని పరిగెత్తాను. నా సంతోషం అంతా ఇంతా కాదు. అవతలికి చేరగానే మూత వేస్తుంది, రెండు వారాల తిట్లూ ఒక్కసారి వదులుతుంది, నేను చెవులారా వింటాను అనుకున్నాను.

పార్కు షెడ్డులో సిమెంటు బల్ల మీద గిన్నె దించింది. గ్రాంట్ రొప్పుతూ వచ్చాడు. "ఆంటీ, గిన్నె కాగితంలో ఉంది."

"ఉంది నాయనా," అంది వదిన. "గిన్నెలో పోయ్ కూడా ఉంది. తెరిచే ఉంది. ఇప్పుడు గొడవ పడకూడదు. నీకు తెలుసుగా."

అతను చుట్టూ చూశాడు. నలభై మంది నిలబడి తింటూ అతన్నే చూస్తున్నారు. మొహం ఎర్రబడింది. "సరే. మూత పడ్డాక మాట్లాడుకుందాం. రెండింటికి వస్తాను."

"డెల్ఫీనా, మూత ఇలా ఇవ్వు."

ఇచ్చాను. వదిన దాన్ని గౌను అంచుతో తుడిచి గ్రాంట్ చేతుల్లో పెట్టింది. "లోపలున్న సామానే కదా. తీసుకెళ్ళు."

ముందు మాకియా బాబాయి నవ్వాడు. తరవాత మిగతావాళ్ళకు అర్థమైంది. మూత లేని గిన్నెకు రెండు ఎప్పుడు కొడుతుంది? గ్రాంట్ ఆ మూత పట్టుకుని రోడ్డు దాటి వెళ్ళిపోయాడు.

అందరికన్నా ఆలస్యంగా అర్థమైంది నాకే. మూత పోయిందంటే వదిన నోరు కూడా పోయినట్టే. "మరి నీ కోపం ఏం చేస్తావు వదినా?" అన్నాను. ఆమె పక్కవాడి ప్లేటులో పోయ్ వడ్డించింది.

ఇప్పుడు చర్చి వంటగదిలో వండి, కౌంటీ ఆఫీసు అనుమతితో పార్కులో పెడుతున్నాం. జనం తగ్గలేదు. మాకియా బాబాయి గిన్నె ఏనాడూ ఖాళీ కానివ్వడు. ఇంటికి తీసుకెళ్ళినా పైన పలచటి గుడ్డే. గుడ్డ మూత కాదంటుంది ఆమె. బాబాయి మంచి చెక్కతో కొత్త మూత చెక్కి తెస్తే పొయ్యిలో పెట్టింది. "ఇది వేసిన రోజున వాడొస్తాడు," అంది.

నా మంట అదే. స్థలం పోయింది, సరే, చట్టాలు అలా ఏడ్చాయి. కానీ ముసలమ్మలు ఇప్పటికీ కాగితాలు పట్టుకుని ఆమె దగ్గరికి వస్తారు. ఆమె వింటుంది. ఫోను అందుకోబోయి, గిన్నె వైపు చూసి, చెయ్యి వెనక్కి తీసుకుంటుంది. గిన్నెను వదిలి రోడ్డు దాటదు, వదిలితే ఎవరెత్తుకుపోతారోనని. రక్తపోటు మాత్రలు రెండయ్యాయి. ఊరికి దిక్కైన నోటిని ఒక సెలవులవాడు కట్టేసి పోయాడు.

ఆ మూతను అతను గోడకు తగిలించి పైన చిన్న దీపం పెట్టాడు. కింద చీటీ మీద "పురాతన వడ్డన పళ్ళెం" అని రాయించాడు. పళ్ళెమట.

అందుకే రోజూ రెండు కొట్టగానే చేతులు కడుక్కుని నేను రోడ్డు దాటుతాను. మా పాత వసారాలో, ఆ పళ్ళెం ఎదుట నిలబడి, సెలవులకొచ్చి తింటున్నవాళ్ళందరికీ ఈ కథ మొదటినుంచి చెబుతాను. ఆ రోజు వచ్చిన ముసలమ్మల పనులు కూడా అక్కడే నిలబడి ఫోనులో అరుస్తాను. నిన్న గ్రాంట్ లోపలినుంచి వచ్చాడు.

"ఆంటీ, అతిథులు భోంచేస్తున్నారు. కాస్త మెల్లగా."

"మీ దగ్గర గిన్నె లేదుగా బాబూ," అన్నాను. "మూతే ఉంది. మూత పడ్డచోట ఎంతైనా తిట్టొచ్చు. మీకు తెలుసుగా."

రోడ్డవతల వదిన గరిటె పట్టుకుని నన్నే చూస్తోంది. గరిటె ఉన్న చెయ్యి పైకెత్తి, ఇంకా గట్టిగా అన్నట్టు రెండుసార్లు ఊపింది.