గజమాల వేసుకున్న రేసు కారు

1994 ఫిబ్రవరిలో నేను తిరుపతిలో ఒక పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ శాఖ సీనియర్ లెక్చరర్‌ని. అమ్మమ్మ రేసు కారు నడిపిందా అని మీరు ఫోన్లో నవ్వారు కదా, అది అప్పటి సంగతి.

చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉన్న మునిరత్నంగారు డెబ్బైలనాటి జపాను రేసు కారు ఒకటి కొన్నారు. మద్రాసు దగ్గర, విమానాలు దిగడం మానేసిన ఒక పాత రన్‌వే మీద అప్పట్లో రేసులు జరిగేవి. పోటీ ఆదివారం. ముందురోజు సాధనలో ఇంజన్ను చూడడానికి ఒక ఇంజనీరును పంపమని ఆయన మా ప్రిన్సిపాల్‌ని అడిగారు. ప్రిన్సిపాల్ నన్ను పంపారు. నా చీర వంక చూసి మునిరత్నంగారు, "సారు రాలేదామ్మా?" అన్నారు. ఆ సారు నేనేనని చెప్పాను.

ఆయనే కారెక్కి రెండు చుట్లు తిరిగారు. మూడో చుట్టుకు పొగలు కక్కుతూ ఆగింది. దిగీ దిగగానే మెకానిక్ మస్తాన్ మీద పడ్డారు. "రెండు నెల్లు రిపేరు సేసి ఇదేనా నువ్వు సేసింది? ఇంగోసారి యేడెక్కితే షెడ్డు తాళాలు ఈడ పెట్టి పో." మస్తాన్ షెడ్డు ఆయన స్థలంలో ఉంది. పదకొండేళ్ళుగా అతనికి అదే బతుకుతెరువు.

ఇంజను చల్లారాక నీళ్ళు, బెల్టు, థర్మోస్టాటు వరుసగా చూశాను. థర్మోస్టాటు అంటే ఇంజను కాగాక నీళ్ళను రేడియేటర్‌లోకి వదిలే కవాటం. మస్తాన్ పనిలో వంక లేదు. బానెట్ దించి ముందుకొచ్చాను. ఆ కారుకు ఫ్యాను లేదు; ఎదురుగాలే దాని ఫ్యాను. ఆ గాలి వెళ్ళాల్సిన జాలీకి అడ్డంగా బంతిపూల గజమాల, బైండింగ్ వైరుతో బిగించి ఉంది. శ్రీకాళహస్తిలో పూజ చేయించారట. రేసు ముగిసేదాకా తీయకూడదట.

ముందే ఎందుకు చెప్పలేదని మస్తాన్‌ని మెల్లగా అడిగాను.

"నా సేత్తో ఆ దండ ముట్టుకుంటే, మేడం, ఇంజను మాట ఇడిసిపెట్టి ఇంగో మాట మాట్లాడతారు."

అతను చెప్పింది నిజమే. నేను కటింగ్ ప్లయరు తీసుకుని వైరు తెంపాను. మునిరత్నంగారు నోరు తెరిచేలోగా ఆ గజమాలను ఆయన మెడలోనే వేశాను. స్వామి దండ బండికన్నా యజమాని మెడలో ఉంటేనే మర్యాద అన్నాను. చుట్టూ ఉన్న ఆయన మనుషులు చప్పట్లు కొట్టారు. మెడలో దండ పడితే ఆయన చేతులు వాటంతటవే నమస్కారం పెడతాయి. పెట్టాయి.

కొంగు దోపుకుని, హెల్మెట్ పెట్టుకుని, పరీక్షకు నేనే కారెక్కి, కుచ్చిళ్ళ మీద సీటు బెల్టు బిగించుకున్నాను. క్లచ్ రోకలిబండలా ఉంది. నిమిషానికి ఆరు వేల చుట్లు దాటితేగానీ ఆ ఇంజనుకు ఊపిరి రాదు. కాంక్రీటు పలకల అతుకుల మీద వెన్నుపూస ఒక్కొక్కటే లెక్కకొచ్చింది. గడ్డిమోపులు పేర్చిన మలుపులో ఒకసారి వెనక చక్రాలు జారాయి. భయపడ్డాను, కానీ కాలు తీయలేదు. ఆయనలాగే వేగంగా తిప్పకపోతే పరీక్ష చెల్లదు. ఐదు చుట్లు తిప్పాను. ఉష్ణోగ్రత ముల్లు నడిమధ్య నుంచి కదల్లేదు.

నేను దిగేసరికి మునిరత్నంగారు తన మనుషులతో అంటున్నారు: "సూసినారా అప్పా, దండ నా మెళ్ళోకి వచ్చినాకనే బండికి కళొచ్చింది."

మస్తాన్ తల వంచుకుని పానాలు, రెంచీలు తుడుచుకుంటున్నాడు. తాళాల మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. నేనూ ఆయన మాట ఖండించలేదు. ఆదివారం ఆయన చివరినుంచి రెండోవారుగా వచ్చారు, ఇంజను మాత్రం చల్లగా ఉంది.

ఆ తర్వాత ఎవరు బండి వేడెక్కిందన్నా, నేను బానెట్ ఎత్తేముందు దాని ముందర ఏం కట్టారో, ఎవరు కట్టారో చూసేదాన్ని.